పాత విండోస్ వేస్తుంటే కీ తీసుకోవడం లేదా? ముందు డిస్కు సంగతి చూడండి

పోయిన ఎండాకాలంలో మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయనకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది, శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు చేస్తాడు. పదిహేనేళ్ల ఫైళ్లన్నీ పాత అనూ ఫాంట్లలోనే ఉన్నాయి, అవి తెరిచే కంప్యూటర్ విండోస్ 7ది. దాని హార్డ్ డిస్క్ పోయింది. కొత్త డిస్క్ పెట్టించి, తెలిసినబ్బాయి దగ్గర పెన్‌డ్రైవ్ తెచ్చుకుని విండోస్ వేసుకున్నాడు, చివర్లో కీ (కొన్న విండోసే అని చూపే 25 అక్షరాల కోడ్) అడిగితే సీపీయూ డబ్బాకి అంటించిన స్టిక్కర్ చూసి కొట్టాడు. చెల్లదంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట. మర్నాడు పొద్దున్నే పెళ్లి కార్డులు ఇవ్వాలి, ఆ టెన్షన్ ఒకటి. "డబ్బులు పెట్టి కొన్న కంప్యూటర్‌రా, దొంగ కీ కాదు, ఎందుకు తీసుకోదు?" అన్నాడు.

ఆ కీ మంచిదే. డబ్బా మీద ఉన్నది విండోస్ 7 ప్రొఫెషనల్ కీ, పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అల్టిమేట్. అంతే తేడా. ఇలాంటివి చాలా చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, పాత విండోస్‌లో కీ చెల్లలేదంటే ఎక్కువసార్లు కీ చెడిపోయి కాదు, ఆ కీకి జత కాని విండోస్ డిస్కు (సీడీ, డీవీడీ లేదా పెన్‌డ్రైవ్) పెట్టడం వల్ల. కాబట్టి కొత్త కీ కోసం నెట్‌లో వెతికే ముందు, ఎవరికో మూడొందలు కట్టే ముందు, ఈ కింద చెప్పినవి ఓపిగ్గా చూడండి. ఎక్స్‌పీ, 7 గురించే ఎక్కువ చెబుతాను, 8.1 గురించి కొంచెం.

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. చెల్లదని చెప్పింది ఎవరు? కీని ఇద్దరు చూస్తారు. మొదట చూసేది సెటప్ ప్రోగ్రామే, దానికి నెట్ అక్కర్లేదు, మీరు కొట్టిన 25 అక్షరాలు లెక్క ప్రకారం కుదురుతున్నాయా, ఈ డిస్కు రకానికి సరిపోతాయా అని అక్కడికక్కడే చూసుకుంటుంది. రెండో చూపు మైక్రోసాఫ్ట్ సర్వర్‌ది, అదే యాక్టివేషన్, అక్కడ ఈ కీ ఇప్పటికే ఎన్ని మెషీన్ల మీద వాడారు, దీన్ని ఆపేశామా అని చూస్తారు. సెటప్ వద్దంటే మీ తప్పు టైపింగ్‌లోనో డిస్కులోనో ఉంటుంది. విండోస్ పూర్తిగా ఎక్కి, డెస్క్‌టాప్ వచ్చి, తర్వాత యాక్టివేట్ కాలేదంటే సంగతి వేరు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని, యాక్టివేషన్ సమస్యకి మళ్లీ ఫార్మాట్ కొడతారు. దానివల్ల పైసా ఉపయోగం లేదు, పూట పోతుంది.

స్టిక్కర్ చదవడం దగ్గరే సగం సమస్య తీరిపోతుంది

ల్యాప్‌టాప్ అడుగున ఉండే స్టిక్కర్ మన ఒళ్లో, మంచం మీద, బ్యాగులో అరిగి అరిగి అక్షరాలు తెల్లబడి ఉంటుంది. బ్యాటరీ ఊడదీసే రకమైతే ఆ గదిలో కూడా చూడండి, కొన్ని మోడళ్లలో స్టిక్కర్ అక్కడ అంటించారు, అలాంటిది చక్కగా ఉంటుంది. అరిగినదాన్ని శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో తుడవకండి, మిగిలిన సిరా కూడా పోతుంది. గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చ్‌ని స్టిక్కర్‌కి పక్కగా, బాగా ఏటవాలుగా పట్టుకుని ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి, తర్వాత ఆ ఫొటోలో కాంట్రాస్ట్ పెంచి చూడండి. కంటికి కనపడనివి కూడా చాలావరకు బయటపడతాయి.

ఇప్పుడు అసలు ఉపయోగపడే విషయం. ఎక్స్‌పీ నుంచి 7 వరకు కీలలో వాడిన గుర్తులు 24 మాత్రమే. అంకెల్లో 2, 3, 4, 6, 7, 8, 9. అక్షరాల్లో బీ, సీ, డీ, ఎఫ్, జీ, హెచ్, జే, కే, ఎం, పీ, క్యూ, ఆర్, టీ, వీ, డబ్ల్యూ, ఎక్స్, వై. ఇంకేవీ ఉండవు. అచ్చులు ఒక్కటీ లేవు, సున్నా లేదు, ఒకటి లేదు, అయిదు లేదు. ఇది ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. గుండ్రంగా సున్నాలా కనపడుతోందంటే అది సున్నానూ కాదు, ఓ అక్షరమూ కాదు, డీ గానీ క్యూ గానీ అయ్యుండాలి. జెడ్ లాంటిది కనిపిస్తే అది 2. యూ అనుకున్నది వీ. ఈ అనుకున్నది చాలావరకు ఎఫ్ లేదా బీ. ఎస్ లేదా 5 అనుకున్నదాన్ని 8 వేసి చూడండి, కాకపోతే 6, 3, జీ. బాగా మోసం చేసే జత బీ, 8. ఆ తర్వాత జీ, 6. వీ, వై కూడా అరిగితే ఒకేలా ఉంటాయి. అనుమానం ఉన్న చోట్లు రెండో మూడో ఉన్నాయనుకోండి, ఒక్కోదాన్ని మార్చి కొడుతూ, ఏది కొట్టారో పక్కన టిక్ పెట్టుకోండి. గుర్తుంటుందిలే అనుకుంటే కొట్టిందే మళ్లీ కొడతారు, నాకు అలా గంటసేపు పోయింది ఒకసారి.

ఎన్ అక్షరం గురించి విడిగా చెప్పాలి. ఎక్స్‌పీ, విస్టా, 7 కీలలో ఎన్ ఉండదు. మీ దగ్గరున్న కీలో ఖచ్చితంగా ఎన్ ఉంది అంటే అది విండోస్ 8 లేదా ఆ తర్వాతి దానిది, దాన్ని 7 డిస్కుకి ఎన్నిసార్లు కొట్టినా ఎక్కదు. విండోస్ 10 కీ ఉంది కదా, పాతదానికి పనిచేయదా అని అడుగుతుంటారు. చేయదు. కొన్నేళ్ల పాటు 7 కీతో 10ని యాక్టివేట్ చేసుకోనిచ్చారు, దాన్ని కూడా 2023 సెప్టెంబర్‌లో ఆపేస్తున్నామని ప్రకటించారు. కానీ 10 కీని 7లో కొట్టి యాక్టివేట్ చేసే దారి ఎప్పుడూ లేదు.

కొట్టేటప్పుడు పెద్దక్షరాలా చిన్నక్షరాలా అని చూసుకోనక్కర్లేదు, మధ్యలో గీతలు దానంతట అదే పెట్టుకుంటుంది. కానీ నమ్‌లాక్ చూసుకోండి. పక్కన విడిగా అంకెల ప్యాడ్ లేని పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్‌లాక్ ఆన్‌లో ఉంటే జే కొడితే 1 పడుతుంది, కే కొడితే 2, ఎం కొడితే 0. 0, 1 పడితే వెంటనే అనుమానం వస్తుంది, ఎందుకంటే అవి కీలో ఉండవని ఇప్పుడు మీకు తెలుసు. కే బదులు 2 పడితే మాత్రం ఎవరూ పట్టుకోలేరు. కాబట్టి కొట్టాక తెర మీద పడినదాన్ని స్టిక్కర్‌తో ఒక్కో అక్షరం పోల్చి చూడండి, ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్లని చదవమని మీరు తెర చూడండి.

ఎక్స్‌పీ అయితే డిస్కు ఏ రకమో తెలుసుకోవాలి

ఎక్స్‌పీలో అన్నిటికంటే కష్టపెట్టేది ఇదే. పైకి చూస్తే అన్నీ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ డిస్కులే. లోపల మూడు రకాలున్నాయి. షాపులో పెట్టెతో కొన్న రిటైల్, కొత్త కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎం, కంపెనీలకి మొత్తంగా ఇచ్చే వాల్యూమ్. ఓఈఎం స్టిక్కర్ కీ ఓఈఎం డిస్కుకే పనిచేస్తుంది, రిటైల్ డిస్కులో కొడితే చెల్లదంటుంది, అంతే. పైగా హోమ్ కీ ప్రొఫెషనల్‌కి కుదరదు, ప్రొఫెషనల్ కీ హోమ్‌కి కుదరదు. సెటప్ మధ్యలో ఇంకా 33 నిమిషాలుందని చూపించే దగ్గర కీ అడుగుతుంది, అప్పటికి డిస్క్ ఫార్మాట్ అయిపోయి ఉంటుంది, వెనక్కి వెళ్లడానికి లేదు. అందుకే డిస్కు రకం ముందే చూసుకోండి అని గట్టిగా చెబుతున్నాను.

చూడటం తేలికే. పనిచేసే ఏ కంప్యూటర్‌లోనైనా సీడీ పెట్టి, ఐ386 అనే ఫోల్డర్ తెరిచి, అందులో సెటప్‌పీ అనే ఐఎన్ఐ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పేరులో చివర పీ ఒకటి ఎక్కువ ఉంటుంది, పొరపాటున వేరే ఫైలు తెరవకండి. లోపల పిడ్ అని ఒక లైను, దాని ఎదురుగా ఎనిమిది గుర్తులు ఉంటాయి. మొదటి అయిదూ వదిలేయండి, చివరి మూడే మనకు కావాలి. అక్కడ ఓఈఎం అని ఉంటే ఓఈఎం డిస్కు. 270 అని ఉంటే వాల్యూమ్. 335 లేదా 000 లాంటివి కనిపిస్తే రిటైల్. ఇంత చూశాక మీ స్టిక్కర్ ఏ రకమో పోల్చుకోండి, ల్యాప్‌టాప్ అడుగునో డబ్బా పక్కనో అంటించి ఉంటే అది ఓఈఎం కిందే లెక్క, స్టిక్కర్ మీద కూడా రాసి ఉంటుంది.

రకం కుదిరినా చెల్లదంటే సర్వీస్ ప్యాక్ (విండోస్‌కి తర్వాత వచ్చిన మార్పులన్నీ కలిపిన మూట, పొట్టిగా ఎస్‌పీ) సంగతి చూడాలి. 2007లో కీల నిల్వ అయిపోవస్తే మైక్రోసాఫ్ట్ కొత్త వరస కీలు తీసింది, వాటి కోసమే ఎస్‌పీ2సీ అనే డిస్కు విడుదల చేసింది. ఆ కొత్త వరస కీని అంతకు ముందరి ఎస్‌పీ1, ఎస్‌పీ2 డిస్కులు గుర్తుపట్టవు. అంటే 2007 చివర్లోనో 2008లోనో కొన్న కంప్యూటర్ స్టిక్కర్ కీని, మీ దగ్గరున్న 2004 నాటి సీడీలో కొడితే, రకం, ఎడిషన్ అన్నీ కుదిరినా వద్దంటుంది. పాత కీలు మాత్రం అదే రకం కొత్త డిస్కుల్లో ఇబ్బంది లేకుండా తీసుకుంటాయి. కాబట్టి వీలైతే ఎస్‌పీ3 కలిపి వచ్చిన డిస్కే సంపాదించండి. దానిలో ఇంకో మేలు కూడా ఉంది, కీ అడిగిన చోట ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్లనిస్తుంది, తర్వాత 30 రోజుల్లోపు కీ ఇచ్చుకోవచ్చు. ఆ రాత్రికి పని జరగాలంటే ఇదే మంచి దారి.

అప్‌గ్రేడ్ డిస్కు అని ఇంకొకటి ఉంది. ఖాళీ హార్డ్ డిస్క్ మీద వేస్తుంటే పాత విండోస్ ఏదైనా ఉందా, దాని సీడీ పెట్టు అంటుంది. దాన్ని చూసి కీ తప్పనుకోవద్దు. విండోస్ 98 ఒరిజినల్ సీడీ ఒక్కసారి పెట్టి చూపిస్తే సరిపోతుంది, తర్వాత మళ్లీ ఎక్స్‌పీ సీడీ పెట్టి కొనసాగించండి.

ఇక మార్కెట్లో తిరిగే సీడీల మాట. సెటప్ అసలు కీనే అడగలేదు అంటే సంతోషించకండి. ఎవరో ఆ డిస్కులో ముందే ఒక వాల్యూమ్ కీ ఇరికించి పెట్టారని అర్థం. అలా బయటికి పొక్కిన కీలని మైక్రోసాఫ్ట్ 2002లో ఎస్‌పీ1 నాటి నుంచే ఆపుతూ వచ్చింది. ఆ డిస్కులో ఇంకేం కలిపారో మనకు తెలియదు. డీటీపీ సెంటరైనా, తూకం మెషీన్‌కి కలిపిన కంప్యూటరైనా, ల్యాబ్‌లో రిపోర్టులిచ్చే కంప్యూటరైనా, అందులో జనం వివరాలుంటాయి. ఊరూపేరూ లేని డిస్కు వేయడం నాకు అస్సలు నచ్చదు.

విండోస్ 7లో ఎడిషన్ దగ్గరే తప్పు జరుగుతుంది

7లో పరిస్థితి మెరుగు. ఒకే డిస్కులో స్టార్టర్ నుంచి అల్టిమేట్ దాకా ఎడిషన్లన్నీ ఉంటాయి, వాటిలో ఏది వేయాలో డిస్కు లోపలున్న ఒక చిన్న ఫైలు నిర్ణయిస్తుంది. సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ అని ఉంటుంది, పెన్‌డ్రైవ్ నుంచి వేస్తుంటే ఆ ఫైలుని డిలీట్ చేయండి, అప్పుడు సెటప్ మొదట్లోనే ఏ ఎడిషన్ కావాలని జాబితా చూపిస్తుంది. స్టిక్కర్ మీద ఏది రాసి ఉంటే సరిగ్గా అదే ఎంచుకోండి. బాబాయికి నేను ఫోన్‌లో చెప్పింది ఇదే. ఫైలు తీసేసి, ప్రొఫెషనల్ ఎంచుకుని మళ్లీ వేశాడు, అదే స్టిక్కర్, అవే అక్షరాలు, ఈసారి మారు మాట్లాడకుండా తీసుకుంది. ఎంటర్‌ప్రైజ్ మాత్రం ఈ జాబితాలో ఉండదు, దాని డిస్కు వేరే.

మన దగ్గర ఎక్కువమంది ఇబ్బంది పడేది హోమ్ బేసిక్‌తో. భారత్ లాంటి దేశాల కోసమే తెచ్చిన ఎడిషన్ అది, ఆ రోజుల్లో తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అదే వచ్చింది. స్టిక్కర్ మీద హోమ్ బేసిక్ అని చిన్నగా ఉంటే మనవాళ్లు హోమ్ అని మాత్రం చదివి హోమ్ ప్రీమియం వేస్తారు. తీసుకోదు. వేసేశాక కిందికి మార్చుకోవడానికి కూడా దారి లేదు, మళ్లీ వేసుకోవాల్సిందే. ఇంకో మాట, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లకి. ఇక్కడ కొన్న హోమ్ బేసిక్ ల్యాప్‌టాప్‌ని అక్కడికి తీసుకెళ్లి ఫార్మాట్ చేసి మళ్లీ వేస్తే యాక్టివేషన్ దగ్గర ఆగిపోవచ్చు, ఆ ఎడిషన్‌ని కొన్ని దేశాల్లోనే యాక్టివేట్ చేయాలని పరిమితి పెట్టారు. ప్రయాణానికి ముందే ఇక్కడ వేసుకుని యాక్టివేట్ చేసుకుని వెళ్లండి.

32 బిట్, 64 బిట్ అని కంగారు పడకండి, 7లో ఒకే కీ రెండింటికీ పనిచేస్తుంది. ఎస్‌పీ1 ఉన్న డిస్కా లేని డిస్కా అన్నది కూడా కీకి అడ్డు కాదు. స్టార్టర్ మాత్రం 32 బిట్‌లోనే ఉంది కాబట్టి 64 బిట్ డిస్కులో దాన్ని వెతకొద్దు.

కీ ఎంతకీ తీసుకోకపోతే, ఆ గడిని ఖాళీగా వదిలి, ఆన్‌లైన్ అయ్యాక ఆటోమేటిక్‌గా యాక్టివేట్ చేయి అన్న టిక్ తీసేసి నెక్స్ట్ కొట్టండి. 30 రోజులు పూర్తిగా పనిచేస్తుంది. ఆ గడువు దగ్గరపడితే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఖాళీ (అంటే ఒక స్పేస్), అడ్డగీత, రీఆర్మ్ అని కొడితే మళ్లీ 30 రోజులు వస్తాయి. ఇలా మూడుసార్లు. అంటే మొత్తం 120 రోజుల దాకా, ఎవరి లోడరూ యాక్టివేటరూ (యాక్టివేట్ అయినట్టు నమ్మించే దొంగ ప్రోగ్రామ్‌లు) వాడకుండా, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సదుపాయంతోనే నడుపుకోవచ్చు. ఈలోగా నిదానంగా కీ సంగతి చూసుకోవచ్చు. ఎవరో ఇచ్చిన యాక్టివేటర్ పెట్టి, దాన్ని నడపడానికి యాంటీవైరస్ ఆపేసి, తర్వాత ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయని ఏడవడం కంటే ఇది నూరుపాళ్లు మేలు.

అప్‌గ్రేడ్ కీ కొన్నవాళ్లకి ఒక ఎర్రర్ వస్తుంది, సీ004ఎఫ్061. కీ మంచిదే కానీ ఖాళీ డిస్క్ మీద కొత్తగా వేశావు, ఇది అప్‌గ్రేడ్‌కి ఇచ్చింది అని దాని అర్థం. మీ దగ్గర పాత విండోస్ నిజంగా కొన్నది ఉంటే దీనికి దారి ఉంది. రెగ్‌ఎడిట్ (విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీని మార్చే ప్రోగ్రామ్) తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, సెటప్, ఓఓబీఈ వరకు వెళ్లండి. అక్కడ మీడియా బూట్ ఇన్‌స్టాల్ అన్న విలువ 1 ఉంటుంది, దాన్ని 0 చేయండి. తర్వాత పైన చెప్పిన రీఆర్మ్ కమాండ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి, అప్పుడు కీ కొట్టండి. రిజిస్ట్రీ తాకడం భయమైతే ఇంకో పద్ధతి, కీ లేకుండా ఒకసారి 7 వేసి, ఆ 7 లోపల నుంచే డిస్కు నడిపి అప్‌గ్రేడ్ ఎంచుకుని మళ్లీ వేయండి. రెండింతల టైం పడుతుంది, కానీ పని అవుతుంది.

కీ వెతికే టూల్ చూపించింది మీ కీ కాకపోవచ్చు

ఇది చాలామందికి తెలియదు, నాకూ ఒక స్నేహితుడి ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేశాకే తెలిసింది. స్టిక్కర్ అరిగిపోయిందని, ఫార్మాట్ చేసే ముందు కీ చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడిపి, వచ్చిన 25 అక్షరాలు జాగ్రత్తగా రాసుకున్నాను. తీరా కొత్తగా వేశాక ఆ కీ ఎక్కింది కానీ యాక్టివేట్ కాలేదు. ఎందుకంటే పెద్ద కంపెనీలు తమ మోడళ్లన్నిటికీ ఫ్యాక్టరీలో ఒకే ఉమ్మడి కీతో విండోస్ వేసి పంపిస్తాయి, దాన్ని ఎస్‌ఎల్‌పీ కీ అంటారు. అది పనిచేయాలంటే మదర్‌బోర్డు బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) ఒక గుర్తు, డిస్కులో ఆ కంపెనీ సర్టిఫికెట్ ఫైలు, రెండూ జతగా ఉండాలి. మామూలు డిస్కులో ఆ సర్టిఫికెట్ ఉండదు. మనకంటూ ఇచ్చిన కీ స్టిక్కర్ మీదున్నదే, అది ఆ కంప్యూటర్‌లో ఎప్పుడూ కొట్టి ఉండరు కాబట్టి ఏ టూలూ దాన్ని చూపించలేదు.

అందుకే 7 ఇంకా నడుస్తుండగానే ఒక పని చేయండి. ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఖాళీ, అడ్డగీత, డీఎల్‌వీ అని కమాండ్ ఇస్తే ఒక పెట్టె వస్తుంది. అందులో కీ చివరి అయిదు అక్షరాలు ఉంటాయి, స్టిక్కర్ చివరి గుంపుతో పోల్చండి. డిస్క్రిప్షన్ అన్న లైనులో ఓఈఎం ఎస్‌ఎల్‌పీ అని ఉంటే పైన చెప్పిన ఉమ్మడి కీ అన్నమాట, టూల్‌తో దాన్ని రాసుకుని లాభం లేదు. స్టిక్కర్ చదవగలిగేలా ఉందో లేదో అప్పుడే చూడండి. లేకపోతే ఫార్మాట్ మానేసి ఆ కంపెనీ రికవరీ పార్టిషన్ నుంచో రికవరీ డీవీడీల నుంచో వెనక్కి తెచ్చుకోండి, దానికి కీ అడగదు. ఎక్స్‌పీకి కూడా ఇదే న్యాయం, ఆ కంపెనీ రికవరీ సీడీని అదే కంపెనీ మెషీన్‌లో వేస్తే కీ ప్రసక్తే రాదు. కానీ ఆ సీడీనే తీసుకెళ్లి వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వేస్తే బయోస్ గుర్తు కనపడక మొండికేస్తుంది. ఎక్స్‌పీ కేవలం ఒక పాత ప్రోగ్రామ్ కోసమే అయితే, మీ దగ్గర 7 ప్రొఫెషనల్ లేదా అల్టిమేట్ ఉంటే, ఎక్స్‌పీ మోడ్ అని మైక్రోసాఫ్టే ఉచితంగా ఇచ్చింది. దానికి వేరే కీ అవసరం లేదు.

8.1 నాటి మెషీన్లలో స్టిక్కర్ మీద కీ ఉండదు, మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. సెటప్ దాన్ని అడగకుండా తీసేసుకుంటుంది, అక్కడే చిక్కు. మన దగ్గర అమ్మిన చాలా ల్యాప్‌టాప్‌లలో సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ కీ ఉంటుంది, మీరు ప్రో డిస్కు పెడితే ఈ కీకి సరిపడే ఇమేజ్ ఇందులో లేదని ఆగిపోతుంది, మీరేం కొట్టకుండానే. సింగిల్ లాంగ్వేజ్ డిస్కు వేస్తే సరి. మీ దగ్గర విడిగా కొన్న ప్రో కీ ఉంటే పెన్‌డ్రైవ్ సోర్సెస్ ఫోల్డర్‌లో పిడ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు చేసి, మొదటి లైనులో చదరపు బ్రాకెట్ల మధ్య పిడ్ అని, రెండో లైనులో వ్యాల్యూ ఈక్వల్‌టు పక్కన మీ కీని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి, సెటప్ అప్పుడు బోర్డులోది వదిలేసి దీన్ని తీసుకుంటుంది.

కీ ఎక్కింది, యాక్టివేట్ కావడం లేదు

ముందు తేదీ చూడండి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న కంప్యూటర్‌లో మదర్‌బోర్డు సెల్ అయిపోయి ఉంటుంది, గడియారం 2009కో 2002కో వెళ్లిపోతుంది. అప్పుడు సర్వర్ సర్టిఫికెట్‌ని విండోస్ నమ్మదు, 80072ఎఫ్8ఎఫ్ అన్న ఎర్రర్ వస్తుంది. సీఆర్2032 అనే బిళ్ల సెల్ ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. అది మార్చి, బయోస్‌లో తేదీ, టైం సరిచేసి, విండోస్‌లో టైం జోన్ కూడా మనదే ఉందో లేదో చూసి మళ్లీ ప్రయత్నించండి.

సీ004సీ008 వస్తే కీ వాడాల్సినన్ని సార్లకంటే ఎక్కువ వాడారని. మీ సొంత స్టిక్కర్ కీ అయ్యి, పాత హార్డ్ డిస్క్ పోయి మళ్లీ వేసుకుంటున్నా ఇది రావచ్చు, భయపడకండి. స్టార్ట్‌లో ఎస్‌ఎల్‌యూఐ, ఖాళీ, 4 అని కొట్టండి, దేశం ఎంచుకుంటే తెర మీద అంకెల వరసలతో ఇన్‌స్టలేషన్ ఐడీ వస్తుంది. అది మైక్రోసాఫ్ట్ వాళ్ల వెబ్ పేజీలో ఇస్తే కన్ఫర్మేషన్ ఐడీ ఇస్తారు, దాన్ని కింద గడుల్లో కొట్టాలి. మనిషితో మాట్లాడాల్సి వస్తే ఉన్నదున్నట్టు చెప్పండి, హార్డ్ డిస్క్ పోయింది, అదే కంప్యూటర్, ఒక్కదానిలోనే వాడుతున్నాను అని. ఎక్స్‌పీలో పెద్ద కంపెనీల స్టిక్కర్ కీలకి నెట్ ద్వారా యాక్టివేషన్‌ని 2005లోనే ఆపేశారు, కాబట్టి అక్కడ ఎస్‌ఎల్‌యూఐ ఉండదు గానీ, యాక్టివేషన్ తెరలో ఫోన్ ద్వారా అన్నది ఎంచుకుని నేరుగా ఈ ఐడీల దారికే వెళ్లండి.

సీ004సీ003 అంటే కీని పూర్తిగా ఆపేశారు. ఈ కీ మీకు నెట్‌లో చౌకగా అమ్మినవాళ్లు ఇచ్చిందే అయితే అది ఏదో ఆఫీసు వాల్యూమ్ కీ అయ్యుండొచ్చు, దాన్ని బాగుచేసే మార్గం లేదు, డబ్బులు వెనక్కి అడగండి. సీ004ఎఫ్074 వచ్చిందంటే మీ చేతిలో ఉన్నది ఆఫీసు నెట్‌వర్క్‌లో వాళ్ల సొంత సర్వర్ ద్వారా యాక్టివేట్ అయ్యే కాపీ, ఇంట్లో ఆ సర్వర్ దొరకదు, మీ స్టిక్కర్‌కి తగ్గ మామూలు డిస్కు వేసుకోవాలి.

యాక్టివేట్ అయ్యాక ఎస్‌ఎల్‌ఎంజీఆర్, ఖాళీ, అడ్డగీత, ఎక్స్‌పీఆర్ అని కొట్టి శాశ్వతంగా యాక్టివేట్ అయిందన్న మాట వచ్చిందో లేదో చూసుకోండి. వెంటనే నెట్ వైరు తీసేయండి, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, 7కి 2020 జనవరి 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది, పాత ఫైళ్లు తెరవడానికి నెట్ అక్కర్లేదు. ఆ తర్వాత ప్రోగ్రామ్‌లు, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్ అన్నీ వేసుకుని, క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్ ఇమేజ్‌ని (ఉన్నదున్నట్టు నకలుని) బయటి హార్డ్ డిస్క్‌లోకి తీయండి. అదే కంప్యూటర్‌లో డిస్క్ మళ్లీ పోతే ఆ ఇమేజ్ ఎక్కించుకోవచ్చు, కీ అడిగే తెర దాకా వెళ్లే పనే సాధారణంగా ఉండదు. బాబాయి ఆ డిస్క్‌ని బీరువాలో పెట్టాడు, దాని మీద ఒక కాగితం అంటించి, స్టిక్కర్ కీ, పక్కనే 7 ప్రొఫెషనల్ 32 బిట్ అని తన చేత్తో రాసుకున్నాడు.